చార్జరు లేని పెట్టె

చాల ఇండ్లలో బల్లసొరుగు తెరచినంతనే చిక్కుపడిన నల్లని తీగల కట్ట యొకటి కానవచ్చును. వానిలో కొన్ని ఎన్నడో పాడైపోయిన ఫోనుల చార్జర్లు. కొన్ని ఫోను మారగనే పనిలేక మూలబడినవి. కొన్ని ఎవరివో, ఎందులకు పనికివచ్చునవో ఇంటివారికే గుర్తుండదు. పారవేయుటకు మనసొప్పదు, వాడుకొనుటకు వీలుపడదు. సెల్‌ఫోనులు క్రొత్తగా వ్యాపించిన కాలమున ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధమైన పిన్నును తయారు చేయుచుండెను. నోకియా ఫోనులనే చూచినను, మొదట లావుపాటి పిన్నును, పిదప సన్నని పిన్నును వచ్చినవి. అన్న చార్జరు తమ్ముని ఫోనునకు పట్టకుండెను. ఫోను కొనినప్పుడెల్ల దానితోపాటు ఒక చార్జరు ఇల్లు చేరుట, పాతది సొరుగు చేరుట పరిపాటి యయ్యెను.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన అమెరికా దేశపు యాపిల్ సంస్థ ఈ పరిపాటిని మార్చుచు ఒక ప్రకటన చేసెను. తాము క్రొత్తగా విడుదల చేయు ఐఫోన్ 12 పెట్టెలో చార్జరు ఉండదు, ఇయర్‌ఫోనులును ఉండవు. ఫోనును, ఒక తీగయు మాత్రమే ఉండును. అప్పటికి అమ్మకములో నున్న పాత నమూనాలకును ఇదే పద్ధతి వర్తించునని సంస్థ తెలిపెను. ఇందులకు చూపిన కారణము పర్యావరణ రక్షణము. తమ చార్జర్లు ప్రపంచమున ఇప్పటికే రెండువందల కోట్లకు మించి ఉన్నవనియు, కావున కొనువారిలో పెక్కురకు మరియొకటి అక్కరలేదనియు సంస్థవారు చెప్పిరి. పెట్టె చిన్నదగుటచే, మునుపు నూరు పెట్టెలు పట్టిన చోట ఇప్పుడు నూటడెబ్బది పట్టునని చెప్పిరి. ఫోనుల విషయమునను, చేతిగడియారముల విషయమునను చేసిన మార్పులన్నియు కలిపి ఏటా 20 లక్షల టన్నులకు మించిన కర్బన ఉద్గారములు తగ్గుననియు, అది 4,50,000 కార్లను రోడ్లమీదినుండి తొలగించుటతో సమానమనియు లెక్క చూపిరి. ఈ లెక్క సంస్థ తానై వేసికొనినదే యని గుర్తుంచుకొనుట మంచిది.

కొందరు ఈ నిర్ణయమును మెచ్చుకొనిరి. మరికొందరు, ఇది ఖర్చు తగ్గించుకొనుటకు పన్నిన ఉపాయమేగాని భూమిమీది ప్రేమ కాదని ఎగతాళి చేసిరి. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది. ఎంతెంత నిజమున్నదో తేల్చుకొనవలెనన్నచో, ముందుగా ఆ చిన్న పరికరములో ఏమున్నదో తెలిసికొనవలెను.

మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. అది సెకనునకు 50 ఆవృత్తముల చొప్పున అటునిటు దిశ మార్చుకొనుచుండును. ఫోనుకు కావలసినది అట్టిది కాదు. దానికి ఒకే దిశగా ప్రవహించునట్టి, సుమారు 5 వోల్టుల మెత్తని విద్యుత్తు కావలెను. త్వరగా నిండు ఫోనులకు ఇంతకంటె కొంచెము హెచ్చు వోల్టులు పంపుదురు. ఉధృతముగా వచ్చు ఏటినీటిని తూముద్వారా పంటకాలువలోనికి వదలునట్లు, గోడలోని విద్యుత్తును అణచి ఫోనునకు అందించుటయే చార్జరు చేయు పని.

పూర్వపు చార్జర్లు ఈ పనిని ఇనుముతోను రాగితోను సాధించుచుండెను. ఇనుపరేకుల దిమ్మచుట్టును రాగితీగను వందలకొలది చుట్లు చుట్టి ట్రాన్స్‌ఫార్మరు తయారు చేసెడివారు. అది బరువైనది, ఇటుకముక్కవలె గోడనుండి వ్రేలాడుచుండెడిది, చేయి పెట్టినచో వెచ్చగా తగులుచుండెడిది. ఫోను తగిలింపకున్నను అది కొంత విద్యుత్తును వృథాగా త్రాగుచునే యుండెడిది. నేటి చార్జరు మార్గము వేరు. అది గోడ విద్యుత్తును మొదటనే ఏకదిశా విద్యుత్తుగా మార్చి, దానిని సెకనునకు వేలకొలది మారులు తునుకలు తునుకలుగా త్రుంచి, ఆపైన చిన్న ట్రాన్స్‌ఫార్మరులోనికి పంపును. ఎంత వేగముగా త్రుంచిన ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదైనను సరిపోవును. అందుచేతనే ఒకనాటి ఇటుకముక్క నేడు గుప్పిటిలో ఇమిడిపోవుచున్నది. ఊరక తగిలించి యుంచినప్పుడు అది త్రాగు విద్యుత్తును గూడ చట్టములు కట్టడి చేసినవి. ఐరోపా నియమముల ప్రకారము 2020 ఏప్రిల్ నుండి అమ్మబడు చిన్న చార్జరు ఊరకున్నప్పుడు వాటులో పదియవ వంతునకు మించి వాడరాదు. కావున చార్జరువలన భూమికి కలుగు నష్టములో ముఖ్యభాగము దానిని వాడుటలో లేదు. దానిని పుట్టించుటలోను, పారవేయుటలోను ఉన్నది.

గుప్పెడంత వస్తువే యైనను దానిలో రాగితీగ, ఫెర్రైటు ముక్క, అల్యూమినియము, సిలికాను, అతుకులకు వాడు తగరము, తేలికగా మంట అంటుకొనకుండ మందులు కలిపిన గట్టి ప్లాస్టిక్కు చేరియున్నవి. ఇవి యన్నియు ఎక్కడనో భూమిని త్రవ్వియో, చమురును శుద్ధిచేసియో తెచ్చినవే. నేటి రాగిగనులలో పెక్కింట నూరు కిలోల ముడిరాయి పగులగొట్టినను ఒక కిలో రాగి రాదు. తక్కినదంతయు బురదయు గుట్టలుగా గనులయొద్దనే మిగులును. చార్జర్లు మానుటవలన 8,61,000 టన్నుల రాగి, తగరము, తుత్తునాగముల ముడిఖనిజమును త్రవ్వవలసిన పని తప్పినదని యాపిల్ సంస్థ తన పర్యావరణ నివేదికలో వ్రాసెను. అంకె చూడగనే ఆశ్చర్యము కలుగును. కాని ఇది లోహపు తూకము కాదు, ముడిరాతి తూకము. రాతిలో లోహమెంత కొంచెమో ఎరిగినవారికి ఈ అంకె అర్థమగును.

ఇక లెక్కకు వత్తము. తయారు చేయని చార్జరు వలన పూర్తిగా లాభమే. అయితే కొనినవాడు దానికి బదులుగా మరియొకటి అంగడిలో కొనకుండవలెను. ఒకనియింట పనిచేయు చార్జరున్నది, అది క్రొత్త ఫోనునకు సరిపోవును అనుకొందము. అతని విషయమున పెట్టెలో చార్జరు లేకపోవుట భూమికి లాభము, అతనికి నష్టము లేదు. మరియొకని యింట ఉన్న చార్జరు క్రొత్త ఫోనుకు పట్టదు. అతడు మరునాడే అంగడికి పోయి వేరొకటి కొనితెచ్చుకొనును. దానికొక అట్టపెట్టె, ప్లాస్టిక్కు తొడుగు, వేరొక ప్రయాణము! ముందు ఒక పెట్టెలో వచ్చినది ఇప్పుడు రెండు పెట్టెలలో వచ్చినది. మొదటివాని వలన కలిగిన లాభము రెండవవాని వలన తరుగుచుండును. మొదటివారు ఎందరు, రెండవవారు ఎందరు అనుదానిమీదనే తీర్పంతయు ఆధారపడియున్నది.

2020లో యాపిల్ సంస్థ చేసిన ఏర్పాటులో చిక్కు ఇక్కడనే యున్నది. ఐఫోన్ 12తో ఇచ్చిన తీగకు ఒకవైపు లైట్నింగ్ అను ఆ సంస్థ సొంత కొన, రెండవవైపు యూఎస్‌బీ-సి అను క్రొత్తరకపు కొన ఉండెను. అంతకు ముందటి యేడు వచ్చిన ఐఫోన్ 11 ప్రో నమూనాలు మినహా, అంతవరకు ఆ సంస్థ ఫోనులతో ఇచ్చిన చార్జర్లన్నిటికిని ఉన్న రంధ్రము యూఎస్‌బీ-ఎ అను పాతరకముది. ఇంట నాలుగు చార్జర్లున్నవానికిని క్రొత్త తీగ వానిలో దేనికిని పట్టకుండెను! పాత తీగ చెడకుండ ఉన్నవారు పాత చార్జరును పాత తీగనే వాడుకొనవచ్చును, నిజమే. అట్లయినచో పెట్టెలోని క్రొత్త తీగ దండుగ. ఇంతకుముందు వేరొక సంస్థ ఫోను వాడినవానికి ఈ యుపాయమును లేదు. "మీయొద్ద ఇదివరకే యున్నది గదా" అని చెప్పి, ఉన్నదానికి పట్టని తీగను చేతికిచ్చుట వింతయే. ఆ సంస్థ 20 వాటుల చార్జరును విడిగా అమ్మెను. మన దేశమున అప్పుడు దాని వెల 1,900 రూపాయలు.

ఈ వెల విషయమే కొన్ని ప్రభుత్వములకు కోపము తెప్పించెను. చార్జరును తీసివేసిన సంస్థ ఫోను వెలను అందులకు తగినట్లు తగ్గించినదా యని బ్రెజిల్ దేశపు సావోపౌలో రాష్ట్రమున వినియోగదారుల రక్షణసంస్థ ప్రశ్నించి, 2021 మార్చిలో జరిమానా విధించెను. 2022 సెప్టెంబరులో ఆ దేశపు న్యాయమంత్రిత్వశాఖ మరియొక అడుగు ముందుకు వేసెను. చార్జరు లేని ఫోను అసంపూర్ణమైన వస్తువని భావించి, 1 కోటి 22 లక్షల రియాలులకు పైగా జరిమానా వేసి, చార్జరు లేని ఐఫోనుల అమ్మకమును నిలుపవలసినదిగా ఉత్తరువిచ్చెను. పర్యావరణమును కాపాడుటయే ఉద్దేశమైనచో అందరికిని పొత్తుగా పనికివచ్చు యూఎస్‌బీ-సి రంధ్రమును ఫోనునకే పెట్టవచ్చును గదా యన్నది వారి వాదములో నొక భాగము. సంస్థ ఆ యుత్తరువుపై అప్పీలు చేయుదునని ప్రకటించెను.

ఫ్రాన్సు దేశములో జరిగినది మరింత విచిత్రము. పిల్లల మెదడునకు ఫోను తరంగములు దగ్గరగా తగులరాదను తలంపుతో, ప్రతి ఫోనుతోను ఇయర్‌ఫోనులు ఇచ్చితీరవలెనని అక్కడ అప్పుడొక చట్టముండెను. అందుచేత యాపిల్ సంస్థ తన సన్నని పెట్టెను ఇయర్‌ఫోనులతోకూడ మరియొక పెద్దపెట్టెలో నుంచి ఆ దేశమున అమ్మెను. చిన్నపెట్టె వలన స్థలము కలిసివచ్చునని చెప్పిన లెక్క ఫ్రాన్సు సరిహద్దు దాటగనే తల్లక్రిందులైనది! 2022 జనవరి నుండి ఆ నియమమును సడలించిరి.

ఇతర సంస్థలును ఈ దారి పట్టినవి. 2020 డిసెంబరులో చైనాలో తన మి 11 ఫోనును విడుదల చేసిన షావోమీ సంస్థ, చార్జరు కావలెనన్నవారికి చార్జరుతోను, వలదన్నవారికి చార్జరు లేకయు, ఒకే వెలకు అమ్మెను. 2021 జనవరిలో సామ్‌సంగ్ సంస్థ తన గెలాక్సీ ఎస్ 21 పెట్టెనుండి చార్జరును తొలగించెను. వీరందరికంటె ముందుగా, 2013లోనే, నెదర్లాండ్సుకు చెందిన ఫెయిర్‌ఫోన్ అను చిన్న సంస్థ తన మొదటి ఫోనును చార్జరు లేకయే అమ్మినది. అయితే ఆ ఫోనునకు అందరి యింటను అప్పటికే దొరకుచున్న మైక్రో యూఎస్‌బీ తీగ సరిపోవుచుండెను. తేడా అంతయు అక్కడనే యున్నది. పెట్టెను ఖాళీ చేయుట సులభము. ఉన్న వస్తువు పనికివచ్చునట్లు చేయుట కష్టము.

ఆ కష్టమైన పనికి పునాది వేసినది చైనా దేశము. ఏ ఫోను చార్జరైనను తీగను విడదీయుటకు వీలుగా ఉండవలెననియు, చార్జరు వైపున యూఎస్‌బీ రంధ్రమే యుండవలెననియు ఆ దేశప్రభుత్వము 2006 చివరలో ప్రమాణమును నిర్ణయించెను. అంతకు ముందు తీగయు చార్జరును ఒకే ముద్దగా అతుకబడి యుండుట సాధారణము; తీగ తెగినను, ఫోను మారినను మొత్తము పారవేయవలసివచ్చెడిది. తీగ విడిపోయిన తరువాత గోడకు తగిలించు భాగము ఫోను మారినను నిలిచెను. చూచుటకు చిన్న మార్పే. ఫలము మాత్రము పెద్దది.

ఐరోపా దేశములలో 2009 నాటికి చార్జర్ల రకములు ముప్పది యుండెనట. ఆ సంవత్సరము ఐరోపా కమిషను పెద్ద ఫోను సంస్థలను పిలిచి, మైక్రో యూఎస్‌బీ అను ఒకే రకమును వాడునట్లు ఒడంబడిక చేయించెను. అది చట్టము కాదు, స్వచ్ఛందమైన ఒప్పందము. కొన్నేండ్లలో ముప్పది రకములు మూడు రకములైనవి. ఆ మూడు ఒకటి కాలేదు. 2012లో యాపిల్ సంస్థ లైట్నింగ్ అను సొంతరకమును తెచ్చి తన దారిన తాను నడచెను.

పదేండ్లు చూచిన మీదట కమిషను లెక్కలు తీసెను. 2020లో ఐరోపా సమాఖ్యలో ఫోనులును, తదితరములైన చేతి సాధనములును 42 కోట్లు అమ్ముడుపోయినవి. సగటున ఒక్కొక్కనియొద్ద ఫోను చార్జర్లు మూడున్నవి; వానిలో వాడుచున్నవి రెండు. మూడవది సొరుగులోనిది కాబోలు! ఇన్ని చార్జర్లున్నను, అందుబాటులో నున్నది పట్టక ఫోను నింపుకొనలేకపోయిన అనుభవము ఒకమారైన కలిగినదని నూటికి 38 మంది చెప్పిరి. పారవేసినవియు, వాడక పడియున్నవియు కలిసి ఏటా 11,000 టన్నుల చార్జర్లు చెత్తగా తేలినవి. విడిగా చార్జర్లు కొనుటకు ప్రజలు ఏటా 240 కోట్ల యూరోలు వెచ్చించుచుండిరి.

ఈసారి ఒప్పందముతో సరిపెట్టుకొనలేదు. 2022 అక్టోబరు 4న ఐరోపా పార్లమెంటు చట్టమును ఆమోదించెను. దాని ప్రకారము 2024 డిసెంబరు 28 నుండి అక్కడ అమ్మకమునకు వచ్చు ఫోనులు, టాబ్లెట్లు, కెమెరాలు మొదలైనవానికి యూఎస్‌బీ-సి రంధ్రమే యుండవలెను. లాప్‌టాపులకు గడువు 2026 ఏప్రిల్ 28. వేగముగా నిండు ఫోనులు గూడ అందరికిని పొత్తైన పద్ధతిలో నిండవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమము వేరొకటి యున్నది: చార్జరుతో అమ్మదలచినవాడు అదే వస్తువును చార్జరు లేకయు కొనుటకు అవకాశమీయవలెను. యాపిల్ సంస్థయు 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 నుండి యూఎస్‌బీ-సికి మారినది. ఇట్లు మారునప్పుడు కోట్లకొలది లైట్నింగ్ తీగలు సొరుగు పాలగుట తప్పదు. మార్పునకు వెల ఉన్నది. అది ఒక్కమారు చెల్లించి ఊరకొనునట్టిది. రకమునకొక పిన్నుండుట వలన కలుగు వెల మాత్రము ఏటేట చెల్లింపవలసినది.

మన దేశమునను కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 నవంబరులో తయారీదారులను సమావేశపరచగా, ఫోనులకును టాబ్లెట్లకును లాప్‌టాపులకును యూఎస్‌బీ-సినే ఉంచుటకు వారు సమ్మతించిరి. భారతీయ ప్రమాణముల సంస్థ ఆ రంధ్రమునకు ప్రమాణమును గూడ ప్రకటించినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు, తయారుచేసినవారే తమ వస్తువుల వ్యర్థములకు బాధ్యులని చెప్పుచున్నవి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సొరుగునుండి పాతసామానులవానికి చేరిన తీగ ఎక్కడికి పోవునో చూడవలెను. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల పేదవారు రాగి కొరకు తీగలను మంటలో వేసి, పైతొడుగును కాల్చివేయుదురు. ఆ తొడుగు కాలునప్పుడు వచ్చు పొగ విషపూరితమైనది. రాగి దొరకును, పీల్చినవాని ఊపిరితిత్తులు చెడును. 2022లో ప్రపంచమున పుట్టిన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే.

ఇంత పెద్ద రాశిలో చార్జర్ల పాలు చాల కొంచెము. ఈ సంగతిని దాచుట న్యాయము కాదు. ఐఫోన్ 12 తన జీవితకాలమంతటిలోను కారణమగు కర్బన ఉద్గారములు సుమారు 70 కిలోలని సంస్థ ప్రకటించినది. అందులో నూటికి ఎనుబదికి పైగా తయారీలోనే పుట్టును. చార్జరు మానుటవలన మిగులునది ఇందులో స్వల్పభాగము. రెండేండ్లకు మార్చదలచిన ఫోనును మూడేండ్లు వాడినవాడు, ఒక ఫోనునకు తగిన త్రవ్వకములో మూడవవంతు తప్పించినట్లే. ఫోను సంస్థల ప్రకటనలలో చార్జరు మాట వినబడునంతగా ఈ మాట వినబడదు.

ఐరోపాలో ఇప్పుడు అమ్మబడు ఫోను పెట్టెలపైన రెండు చిన్న బొమ్మలు కానవచ్చును. ఒకటి ప్లగ్గు బొమ్మ. పెట్టెలో చార్జరు లేనిచో దానిపై అడ్డగీత యుండును. రెండవదానిలో, ఆ ఫోను నిండుటకు కనీసము ఎన్ని వాటులు కావలెనో, అత్యధికముగా ఎన్ని వాటులు తీసికొనగలదో అంకెలుండును. ఈ అంకెలను పోల్చుకొనుటకు తగిన అంకె ప్రతి చార్జరు మీదను మిక్కిలి సన్నని అక్షరములలో ముద్రింపబడియే యుండును. "అవుట్‌పుట్" అనుచోట వోల్టుల సంఖ్యను ఆంపియర్ల సంఖ్యతో హెచ్చించినచో వాటులు వచ్చును. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్నది 10 వాటుల చార్జరు. 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్నది 18 వాటులది. సొరుగులోని చార్జర్లలో ఏది క్రొత్త ఫోనునకు సరిపోవునో, ఏది సరిపోదో ఎనిమిదవ తరగతి గుణకారముతో తేలిపోవును.